ఎడమ చెవితో విన్న గోడ

ఫలానా వాళ్ల మీద అసూయపడ్డానని చెప్పుకోవడానికి ఎవరికైనా సిగ్గే. నాది ఇంకా పెద్ద సిగ్గు. నేను అసూయపడింది గాల్లో ఎగిరే ఒక యంత్రం మీద. దాన్ని వెంటబెట్టుకుని వచ్చిన ఇరవయ్యారేళ్ల ఇంజనీరు అమ్మాయి మీద. ఆ అమ్మాయికి అపార్టుమెంటు ప్రెసిడెంటు గారింట్లోంచి పింగాణీ కప్పులో వచ్చిన టీ మీద కూడా. పటమటలో ఉన్న ఆ అపార్టుమెంటుకి నేను ఎన్నో ఏళ్లుగా వస్తూపోతున్నాను. నాకెప్పుడూ టీ కాగితం కప్పులోనే వచ్చేది.

నా పని గోడల్ని వినడం. నవ్వకండి, నిజంగా అదే పని. పాతబడ్డ అపార్టుమెంటు డాబా మీదనుంచి బయటి గోడ వెంట తాళ్లతో ఒక చెక్క పలకని వేలాడదీస్తారు. నేను దాని మీద కూర్చుని, చిన్న సుత్తితో జానెడు జానెడు దూరంలో గోడని కొట్టుకుంటూ కిందికి దిగుతాను. ప్లాస్టరింగు ఇటుకని గట్టిగా పట్టుకుని ఉంటే టక్కుమని పొడిగా పలుకుతుంది. లోపల విడిపోయి ఉంటే డబ్‌మని పలుకుతుంది. దాన్ని డొల్ల అంటాం. డొల్ల వినపడినచోట సుద్దముక్కతో సున్నా చుడతాను. తర్వాత కూలీలు వచ్చి ఆ సున్నా మేరకు చెక్కేసి కొత్త ప్లాస్టరింగు చేస్తారు. సున్నా లేని గోడ కింద జనం నిశ్చింతగా తిరుగుతారు, స్కూటర్లు పెట్టుకుంటారు, నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

ఈ విద్య మా నాన్న ఇచ్చింది. ఆయన కంకిపాడులో తాపీ మేస్త్రి. ఎండలు ముదరకముందే మంచినీళ్ల కుండ కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. నన్ను కళ్లు మూసుకోమని రెండు కుండల్ని వేలి కణుపుతో కొట్టి, ఏది మంచిదో చెప్పమనేవాడు. తప్పు చెబితే కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. నేను మంచిదని చెప్పిన ఆ నెర్రె కుండనే కొని ఇంటికి తెచ్చేవాడు. వేసవంతా అది కారుతూ వంటింట్లో తడి చేస్తుంటే మా అమ్మ నన్ను తిట్టిపోసేది. అలా రెండు వేసవులు గడిచాక నా చెవి తప్పు చెప్పడం మానేసింది. నేను పెద్దయ్యాక బెజవాడ కాంట్రాక్టర్లు నా గురించి, "ఆయన చెవి పెట్టాడంటే ఇంక చూసుకోనక్కర్లేదు" అనేవారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం అక్కర్లేదు.

అలాంటి నా గోడ దగ్గరికి ఆ అమ్మాయి పోయిన వేసవికి ముందు ఒక పొద్దున వచ్చింది. వాళ్లది హనుమాన్ జంక్షన్. నాన్నకి హైవే పక్కన లారీ టైర్ల షాపు ఉందట. ఆ అమ్మాయి రెండు పెద్ద పెట్టెలు దించింది. ఒకదాంట్లో డ్రోను, దాని పొట్ట కింద బిగించిన స్పీకరు. రెండోదాంట్లో మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే లేజరు డబ్బా. ముందుగా పోలీసు పర్మిషన్ కాగితం ప్రెసిడెంటు గారికి చూపించింది. ఆయన రిటైరైన లెక్చరరు. కళ్లజోడు సవరించుకుని ఆ కాగితాన్ని పెళ్లి శుభలేఖ చదివినట్టు చదివారు.

డ్రోను లేవగానే బిల్డింగంతా బాల్కనీల్లోకి వచ్చేసింది. పూజలో ఉన్నవాళ్లు కూడా గంట పట్టుకునే వచ్చారు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. ఇన్నేళ్లుగా వాళ్ల కిటికీల ముందు నేను ప్రాణం తాళ్లకి అప్పగించి వేలాడుతుంటే ఒక్కరూ ఫోటో తీయలేదు. తీయకపోగా, నన్ను చూసి కర్టెన్లు వేసుకునేవారు. ఇంతలో ఎక్కడినుంచో నాలుగు కాకులు వచ్చి డ్రోను మీదికి కావుకావుమంటూ ఎగబడ్డాయి. నా మనసు ఎంత చల్లబడిందో చెప్పలేను. ఆ అమ్మాయి దాన్ని నేర్పుగా పక్కకి తప్పించి దించేసింది. కాకులు వెళ్లిపోయేదాకా ఓపిగ్గా కూర్చుని మళ్లీ ఎగరేసింది. ఆ ఓపిక చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

ప్రెసిడెంటు గారు అడిగితే తన పని వివరించింది. "స్పీకర్లోంచి గోడ మీదికి సౌండు పంపిస్తామండీ. సౌండు తగిలితే గోడ వణుకుతుంది. మన కంటికి కనపడదు. లోపల డొల్లగా ఉన్నచోట ఎక్కువ వణుకుతుంది. ఆ వణుకుని కిందనుంచి ఈ లేజరు పట్టుకుంటుంది. ఎక్కువ వణికిన చోటు కంప్యూటర్లో ఎర్రగా పడుతుందండీ."

ప్రెసిడెంటు గారు ఆహా ఓహో అన్నారు. నేను సుత్తితో చేసేదీ అదే కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే కుళ్లుకుంటున్నాడు అనుకుంటారని ఊరుకున్నాను. కుళ్లుకుంటున్న మాట నిజమే.

అప్పుడా అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మేస్త్రి గారూ, మీ సాయం లేకపోతే నా పని మొదలవదండీ" అంది. వెటకారమేమో అనుకున్నాను. కాదు. ఒక్కో గోడ ఒక్కోలా వణుకుతుందట. అందుకని ముందు మనిషి చేత్తో కొట్టి, ఇది గట్టి, ఇది డొల్ల అని రెండు చోట్లు చూపించాలట. ఆ రెండిటినీ బట్టి ఎంత వణికితే ఎరుపు వేయాలో యంత్రానికి నేర్పుతుందట. "మా సార్ ఒకటే చెప్పారండీ. మెషిన్‌కీ మేస్త్రికీ తేడా వస్తే మేస్త్రి మాటే రాసుకో అని."

ఆ మాటకి నేను పొంగిపోవాల్సింది. పొంగలేదు. నా చెవిలో ఉన్నదంతా పట్టుకుపోయి ఆ డబ్బాలో పోసుకుంటుంది, రేపటినుంచి నా మొహం ఎవరు చూస్తారు అనిపించింది. అయినా పలక మీద కూర్చుని దిగాను. మూడో అంతస్తులో పాత డొల్ల ఒకటి నాకు తెలుసు. దాన్ని చూపించాను. గట్టి చోటు కోసం ఐదో అంతస్తు మూల ఎంచుకున్నాను. లేజరుకి అది బాగా కనపడుతుందని ఆ అమ్మాయే అడిగింది. దానికి సరిగ్గా కింద, నేల మీద, ఇస్త్రీ బండి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక అక్కడ నీడ పడుతుందని ఇస్త్రీ చేసే ఆవిడ ఏళ్ల తరబడి అక్కడే నిలబడి పని చేసేది.

ఇక్కడ నా చెవి సంగతి చెప్పాలి. అప్పటికి ఏడాదిగా నాకు ఎడమ చెవి సరిగా వినపడడం లేదు. ఫోను కుడి చెవికే పెట్టుకునేవాడిని. చర్చిలో డోలక్ వాయించే ఆయన నాకు ఎడమవైపు కూర్చుంటే, పాట మధ్యలో దెబ్బ వినపడక నేను వెనకబడేవాడిని. మా ఆవిడ తిరిగి చూసేది. చెవిలో గుబిలి చేరిందని చెప్పేవాడిని. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళితే ఆయన ఒక కాగితం మీద రాసిస్తాడు. ఆ కాగితం మా నాన్న ఇచ్చిన విద్యకి చావు కబురు లాంటిదని నా భయం.

ఐదో అంతస్తు మూలలో కుడిపక్క ఏసీ డబ్బా, డ్రైనేజీ గొట్టం అడ్డం వచ్చాయి. మెడ అటు తిరగదు. అందుకని ఎడమ చెవి గోడ వైపు పెట్టి కొట్టాను. కుడి చెవి నిండా రోడ్డు మీద ఆటోల హారన్లు. గోడలోంచి ఏదో పొడి చప్పుడు వచ్చినట్టు అనిపించింది. "గట్టి" అని కిందికి అరిచి టిక్కు పెట్టాను.

గంటయ్యాక ఆ అమ్మాయి కంప్యూటరు చూసి కనుబొమ్మలు ముడిచింది. "మేస్త్రి గారూ, మీరు గట్టి అన్న చోటు బాగా వణుకుతోందండీ. పక్క గోడకంటే చాలా ఎక్కువ. ఇంకోసారి కొట్టి చూస్తారా?"

చుట్టూ జనం ఉన్నారు. ప్రెసిడెంటు గారు, రెండో అంతస్తు ఆడవాళ్లు, వాచ్‌మన్, ఇస్త్రీ ఆవిడ. అందరూ నా వైపు చూశారు. నేను ఎడమ చెవితో విన్నానని నాకు గుర్తే. ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. అయినా నా నోరు వేరే మాట అంది. "అమ్మాయ్, మీ మెషిన్‌ని ముందు చెవుల డాక్టరుకి చూపించు. నేను నీ వయసున్నప్పటినుంచీ గోడలు కొడుతున్నా."

అందరూ గొల్లున నవ్వారు. ప్రెసిడెంటు గారు నా భుజం తట్టారు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "మీరే కరెక్టు అయ్యుంటారండీ" అని తల వంచుకుని కంప్యూటర్లో ఏదో మార్చింది. ఆ రోజు టీ నాకు కూడా పింగాణీ కప్పులో వచ్చింది. దాన్ని చివరి చుక్కదాకా తాగాను. సాయంత్రం కంకిపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈల వేశాను. మా ఆవిడతో మూడుసార్లు ఆ కథ చెప్పాను.

తర్వాత పది రోజులు ఆ అమ్మాయి ఆ బిల్డింగు మిగతా గోడలు, ఆ వీధిలోనే మరో రెండు బిల్డింగులు చూసిందని విన్నాను. ఎరుపు పెద్దగా పడలేదట. గోడలన్నీ బాగున్నాయట. సంతోషం, యంత్రానికి ఇంక పని లేదు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు.

కుండ కొనే రోజు వచ్చింది. ఫ్రిజ్‌లో నీళ్లు గొంతుకి పడవని మా ఆవిడ ఏటా కుండ కొనిపిస్తుంది. కంకిపాడులో రోడ్డు పక్కన కుండలు పేర్చుకుని కూర్చున్న ఒక ముసలమ్మ దగ్గర ఆగాం. అలవాటు ప్రకారం ఎంచే పని నాదే. ఒక నల్ల కుండని ఎడమ చేత్తో చంకకెత్తుకుని, కుడి పక్క రోడ్డు మీద లారీల హోరులోనే కుడి చేతి కణుపుతో కొట్టాను. "ఇది ఖంగుమంటోంది, ఇదిచ్చెయ్యండి" అన్నాను.

ముసలమ్మ నోరు తెరిచి నన్నే చూసింది. మా ఆవిడ రెండడుగుల దూరంలో ఉంది. "అదేంటండీ, దానికి నెర్రె ఉంది కదా. నాకిక్కడికే తెలిసిపోతుంటే" అంది.

ముసలమ్మ కుండ లాక్కుంది. "ఇది వద్దులే అయ్యా. బండిలో కొట్టుకున్నట్టుంది, నేనే చూసుకోలా. ఇంకోటి తీసుకో."

కుండని మళ్లీ తీసుకుని ఈసారి కుడి చెవి దగ్గర పెట్టి కొట్టాను. మొద్దుగా, చచ్చినట్టు పలికింది. ఇంత స్పష్టమైన నెర్రె నేను చిన్నప్పుడు కూడా తప్పు చెప్పలేదు. కుండ కాదు, ఇస్త్రీ బండి కళ్లముందు కదిలింది. ఆవిడ బొగ్గులు ఊదుకుంటూ వంగి నిలబడే ఆ చోటు కదిలింది.

"ఇదే ఇవ్వండమ్మా" అన్నాను. ముసలమ్మ ససేమిరా అంది. మా ఆవిడ మతి పోయిందా అంది. అయినా ఆ నెర్రె కుండే కొన్నాను. దాన్ని మా ఆవిడ చేతికిచ్చి బెజవాడ బస్సెక్కాను.

దారంతా ఒక మనసు చెబుతూనే ఉంది. ఎవరికి తెలుసు? గోడ ఇవాళ పడుతుందా రేపు పడుతుందా? ఏదో ఒక వంక పెట్టి ఆ మూల చెక్కించేస్తే పోతుంది కదా. చెవి సంగతి బయటపడక్కర్లేదు. బెంజి సర్కిల్ వచ్చేదాకా ఆ మాట నాకు బాగానే అనిపించింది.

అపార్టుమెంటు దగ్గర దిగేసరికి ఇస్త్రీ ఆవిడ అక్కడే ఉంది, ఆ మూల కిందే. బండి అవతలికి జరుపుకోమన్నాను.

"ఆ పాప ఆ రోజే చెప్పింది అన్నయ్యా, కొన్నాళ్లు ఇటు పక్క పెట్టుకోమని" అంది ఆవిడ చొక్కా మడత పెడుతూ. "మీరు గట్టిగా ఉందన్నారుగా. మీకంటే తెలుసా ఆ పిల్లకి అని నేనే జరపలా."

నేనే బండి పట్టుకుని లాగాను. చక్రం ఇటుక మీదికెక్కి బొగ్గులు చిందాయి. ఆవిడ కంగారుపడింది. డాబా మీద తాడు చూసుకునే నా పాత మనిషిని ఫోన్ చేసి పిలిపించాను. అతను వచ్చాక ఐదో అంతస్తుకి దిగాను. ఈసారి ఏసీ డబ్బా అవతలినుంచి వేలాడి, మెడ నొప్పెట్టేలా తిప్పి, కుడి చెవి పెట్టి కొట్టాను. డబ్. పక్కన కొట్టాను. డబ్. తలుపంత మేర డొల్ల. అంచు దొరకడానికి సుద్దముక్క సగం అరిగింది.

అక్కడే వేలాడుతూ ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఎడమ చెవి సంగతి కూడా చెప్పాను. "వస్తున్నానండీ" అంది.

అరగంటలో స్కూటీ మీద వచ్చింది. ప్రెసిడెంటు గారూ దిగి వచ్చారు. నవ్వినవాళ్లు ఎవరెవరున్నారో అందర్నీ పిలవమన్నాను. అందరి ముందూ చెప్పాను, ఆ అమ్మాయి యంత్రం చెప్పిందే నిజమని, నాకు ఎడమ చెవి వినపడదని, ఆ రోజే నాకు అనుమానం వచ్చినా ఈ పిల్ల ముందు తగ్గలేక అలా అన్నానని. ఎవరూ నవ్వలేదు. ప్రెసిడెంటు గారు, "పోనీండి మేస్త్రి గారూ, ఎవరికీ ఏమీ కాలేదుగా" అన్నారు.

"రెండు బిల్డింగులున్నాయండీ" అంది ఆ అమ్మాయి. ఎంత మెల్లగా అందంటే, కుడి చెవి తిప్పి వినాల్సి వచ్చింది. "ఈ గోడని గట్టి అనుకుని సెట్ చేశాను. దీనికంటే తక్కువ వణికినవన్నీ బాగున్నాయని రాసేశాను. మన మిగతా మూడు గోడలు, ఆ రెండు బిల్డింగులు, అన్నీ మళ్లీ చూడాలి."

అప్పుడు అర్థమైంది నాకు. నా చెవుడు నా దగ్గర ఆగలేదు. దాన్ని ఆ యంత్రానికి అంటించాను. వీధిలో ఎన్ని గోడల కింద ఎంతమంది నా ఎడమ చెవిని నమ్ముకుని తిరుగుతున్నారో నాకు లెక్క తెలియదు.

"మీ ఒక్కరి తప్పే కాదండీ" అంది తను. "నాకు డౌటు వచ్చింది. గట్టిగా అడగాల్సింది. అందరూ నవ్వేసరికి ఊరుకున్నాను." ఆ మాట వినగానే సిగ్గుతో పాటు కడుపులో మళ్లీ అదే మంట. తప్పు ఒప్పుకోవడంలో కూడా ఈ పిల్ల నన్ను దాటిపోయింది.

ఆ మధ్యాహ్నమే చుట్టూ తాడు కట్టించి, మనుషుల్ని దూరంగా పంపి, నేను పైనుంచి ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాను. రెండో దెబ్బ అక్కర్లేకపోయింది. తలుపంత ప్లాస్టరింగు ఒకే పెచ్చుగా ఊడి, బండి ఉండే చోట పడింది. దుమ్ము అణిగాక ఇస్త్రీ ఆవిడ వచ్చి ఆ పెచ్చులు చూసింది, తలెత్తి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. వెళ్లి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసుకుంది.

"మిగతా గోడలకి కుడి చెవితో కొట్టి చెబుతాను" అన్నాను ఆ అమ్మాయితో. పెట్టెలు సర్దుతున్నదల్లా ఆగింది.

"వద్దండీ" అంది. "ఒక్క చెవి మీద సెట్ చేయలేను. నాకు రెండూ కావాలి. ఇంకొకరిని చూసుకుంటాను. ఏమనుకోకండి." ఏమనుకుంటాను. ఆ స్థానంలో నేనున్నా అదే మాట అందును.

ఇప్పుడు నేను కింద నిలబడి, ఆ అమ్మాయి మళ్లీ చూసి ఎరుపు వేసిన గోడల చెక్కుడు పని చూసుకుంటున్నాను. చెవికి డాక్టరు రాసిచ్చిన కాగితం బీరువాలో ఉంది. నెర్రె కుండ వంటింట్లో మూల కూర్చుని కారుతోంది. మా ఆవిడ కింద గిన్నె పెట్టి రోజూ ఆ నీళ్లు తులసి మొక్క వేసుకున్న పక్కింటావిడకి ఇచ్చేస్తోంది. పారేయమని నేను అనను, తను పారేయదు.

మొన్న సిటీ బస్సులో వెళుతూ కిటికీలోంచి ఆ అమ్మాయిని చూశాను. ఒక ఎత్తైన బిల్డింగు ముందు లేజరు స్టాండు పక్కన నిలబడి ఉంది. డ్రోను ఇంకా లేవలేదు, కింద గుడ్డ మీద ఉంది. పైన, తాళ్ల పలక మీద ఒక మనిషి. నలభై ఏళ్లుంటాయేమో. సుత్తితో కొడుతున్నాడు. ఆ అమ్మాయి తలెత్తి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అతను ఏం చెబుతాడా అని చూస్తోంది. ఒకప్పుడు నా కోసం అలాగే చూసింది. నేను అది చూసుకోలేదు.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. ఎదురుగా ఉన్న షాపు చూరు కింద నిలబడ్డాను. డ్రోను మీద నాకిప్పుడు ఏ కోపమూ లేదు. నా కడుపు మండింది ఆ సుత్తి మనిషిని చూసి. అతను తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి విన్నాడు, ఏ చెవి అయినా ఒకటే అన్నట్టు. ఒకచోట రెండుసార్లు కొట్టి ఆగాడు. ఆ రోడ్డు గోలలో నాకు ఏమీ వినపడలేదు. వాడు తప్పు చెబితే బాగుండును అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అనుకున్న మరుక్షణం, ఆ గోడ కింద ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని రోడ్డు దాటి వెళ్లి చూశాను.